అరువు ముక్కు

ఎదెల్మీరా చిగ్వాయ్‌కి వాసన తెలియదు.
ఏదో చలికాలపు జ్వరం ఎత్తుకుపోయిందట,
కాఫీనీ తడి ఉన్నినీ పెట్రోలునీ ఒకే మూటగా కట్టి.
చిలోయే దీవిలో, దల్కావే రేవులో
పడవ ఇంజన్లు బాగుచేసే మనిషికి
అంతకంటే నష్టం చేతులు పోవడమే.

అందుకని నన్ను పెట్టుకుంది.
పదమూడేళ్ళవాణ్ణి, ముక్కుపచ్చలారనివాణ్ణి.
జీతం నా చేతులకి కాదు, ముక్కుకి.
సంగతి పొక్కితే ఇద్దరికీ బేరం పోతుంది.

పొద్దున్నే ఇంజను పెట్టె మూత తీసి
నన్ను బోర్లా పడుకోబెట్టేది.
"పైన కాదురా లిసాంద్రో, అడుగున చూడు.
పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు.
పొగలా పైకి పోయి ఊరికి చెప్పుకోదు.
పడవ కడుపులో మురికినీళ్ళమీద పడుకుని
ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది."

తరువాత గుడ్డ. పాత దుప్పటి ముక్క.
ట్యాంకు దగ్గర మొదలుపెట్టి గొట్టం పొడవునా
పసిబిడ్డ కాలు తుడిచినట్టు తుడిచి
నా ముక్కుకి పట్టేది.
తల అడ్డంగా ఊపితే తాళం తిప్పనిచ్చేది.
నిలువుగా ఊపితే
పడవవాడి మొహం చూసి తీరాలి.

నల్లగా నిగనిగలాడే గొట్టాన్ని నమ్మేది కాదు.
వేళ్ళ మధ్య వంచేది.
క్లిప్పు బిగిసిన చోట
మీగడమీది ముడతలంత సన్నటి పగుళ్ళు.
మెత్తబడితే ఒక జబ్బు, బిరుసెక్కితే ఇంకొకటి.
తీగచుట్టి బిగించినవాళ్ళని
ఆవిడ తిట్టే తిట్లు ఇక్కడ రాయను.

ఆ ఆగస్టులో వాన. నాకు పడిశం.
దోన్ ఎవారిస్తో పడవలో పదకొండు మంది,
ఆరు బస్తాల బంగాళాదుంపలు, ఒక గొర్రె.
ఎదుటి దీవిలో ఎవరిదో తొమ్మిదోనాటి ప్రార్థన,
అప్పటికే ఆలస్యం.

గుడ్డ పట్టింది.
నాకేం తెలియలేదు.
తెలియలేదని చెప్పాలి.
ఆ రోజు కూలి గుర్తొచ్చింది.
తల అడ్డంగా ఊపాను.

ఎవారిస్తో తాళంమీద చెయ్యి వేశాడు.
ఆవిడ ఆ చేతిని చూడలేదు, నా నోరు చూసింది.
నోటితో ఊపిరి పీలుస్తున్నాను.

"దిగండి" అంది. అందరినీ.

గుడ్డ పట్టుకుని
దుంపరొట్టెలమ్మే ఓర్ఫెలీనా దగ్గరికి నడిచింది.
రేవంతా వినేలా అంది:
"నాకు వాసన తెలియదు. పన్నెండేళ్ళయింది.
కాస్త చూసి చెప్పు."

ఓర్ఫెలీనా ముక్కు దగ్గరికి తెచ్చుకుని
"ఛీ, అవతలకి పట్టుకుపో" అని
రొట్టెలమీద గుడ్డ కప్పేసింది.
ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి వాసన చూశారు,
అడగకుండానే, వరసగా,
ఎవారిస్తో ఆఖర్న.

ఫిల్టరు కింద, క్లిప్పు అంచు కోసిన చోట చెమట.
చుక్క కూడా కాదు.
కొత్త గొట్టం, రెండు చివర్లకీ రెండేసి క్లిప్పులు,
తలుపులన్నీ బార్లా తీసి అడుగు గాలి తోడించి
గంటన్నర.
గొర్రె మాత్రం అంతసేపూ వానని తిడుతూనే ఉంది.

నన్ను మానిపించేస్తుందనుకున్నాను.
కూలి లెక్కపెట్టి చేతిలో పెట్టింది.
"రేపు కూడా పడిశం ఉంటే రా.
కాకపోతే, ఉందని చెప్పు."

బేరం పోలేదు.
పోయింది నా ఉద్యోగమే, కొంచెం కొంచెంగా:
ప్రతి పడవవాడూ ఒక దుప్పటి ముక్క దాచుకుని
తన గొట్టం తానే తుడుచుకోవడం నేర్చాడు.

ఇప్పుడు పడవ నాదే, ముక్కూ పనిచేస్తుంది.
అయినా తాళం తిప్పేముందు
ఎక్కినవాళ్ళలో ఒకరికి గుడ్డ ఇస్తాను,
ముక్కూ మొహం తెలియనివాళ్ళైనా సరే.

నిన్న ఒక పాప చాలాసేపు ఆలోచించి
"కాఫీ" అంది.

నిజమే.
పొద్దున చేతిమీద ఒలికింది.